మూడో పార్టీకి మాకు సంబంధం లేదు

మా అమ్మాయిది జనాన్ని సంతోషపెట్టే వ్యాపారం. ఎవరింట్లో ఏ వేడుక ఉన్నా, ఏ కంపెనీకి ఏ సభ ఉన్నా, హాలు మాట్లాడటం దగ్గర్నుంచి చివరి కుర్చీ లారీ ఎక్కించేదాకా అంతా తనే చూసుకుంటుంది. ఆ సంతోషానికి కావలసిన సామానంతా మా ముందుగదిలో ఉంటుంది. గుడ్డ చుట్టలు, థర్మాకోల్ అక్షరాలు, కాగితం పూల బస్తాలు, ఒకదానికొకటి చిక్కుపడ్డ లైట్ల దండలు. ఇంటికి వచ్చిన మనిషి కూర్చోవాలంటే ముందు ఒక పెద్ద 'శుభాకాంక్షలు'ను పక్కకు జరుపుకోవాలి.

ఆ గదిలో ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మా ఇంట్లో నేనొక్కదాన్నే ఆలోచిస్తాను. మిగతావాళ్లకు తీరిక ఉండదు. నిచ్చెన మీద నుంచి పనివాడు పడితే, స్పీకరు తీగ మీద ఎవరో నీళ్ల గ్లాసు ఒలకబోస్తే, స్టేజి పలక విరిగి పెద్దమనిషి కాలు లోపలికి దిగిపోతే అని నేను అడుగుతుంటాను. "అమ్మా, నువ్వు నోరు తెరవకపోతే ఏమీ కాదు" అంటుంది అమ్మాయి. అంటే ప్రపంచంలో జరిగే ప్రమాదాలన్నీ నా నోట్లోంచే బయలుదేరుతున్నాయన్నమాట. అంత శక్తి ఉందని నాకూ తెలియదు.

మా ఇంట్లో కస్టమరును పార్టీ అంటారు. "పార్టీ ఫోన్ చేసింది", "పార్టీ అడ్వాన్సు ఇచ్చింది", "పార్టీ మంచిదేగాని వాళ్ల బావమరిది తగలడ్డాడు". వేడుక చేసుకునేవాడూ పార్టీయే, వాడు చేసుకునేదీ పార్టీయే. మా అల్లుడుగారు ఇంకో అడుగు ముందుకు వేసి వాటికి అంకెలు కూడా పెట్టారు. ఈ నెల ఫస్ట్ పార్టీ, సెకండ్ పార్టీ, థర్డ్ పార్టీ. ఆ పద్ధతి చూసి ఆయనకు వ్యాపారం బాగా వంటబట్టిందని మేమంతా మురిసిపోయాం.

అలాంటి రోజుల్లో టైల్స్ కంపెనీ వచ్చింది. వాళ్ల డీలర్లందరినీ పిలిచి సభ పెట్టుకుంటారట. మా అమ్మాయి బొమ్మ గీసి చూపించింది. బండి చక్రం కంటే నాలుగింతలు పెద్ద పూలచక్రం, నిండా లైట్లు, హాలు నడిమధ్య పైకప్పు నుంచి వేలాడుతూ ఉంటుంది. ఆ బొమ్మ చూసే పని మాకిచ్చారు. ఇది బాగా జరిగితే ఏడాది పొడవునా వాళ్ల సభలన్నీ మా అమ్మాయివే. ముందుగది ఖాళీ చేసి బయట ఆఫీసు తీసుకుంటుంది. జరక్కపోతే ఇంతటితో ఆపేస్తానని తనే చెప్పింది. వాళ్ల పెద్దాడపడుచు బట్టల కొట్టులో కౌంటరు వెనక అమ్మాయి కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ ఎప్పుడు వచ్చినా ఆ కుర్చీ క్షేమసమాచారం చెప్పి వెళ్తుంది.

అన్నీ కుదిరాక హాలువాళ్లు ఒక మెలిక పెట్టారు. బీమా కాగితం లేకపోతే సామాను లోపలికి రానివ్వరట.

"కొత్త దోపిడీ" అన్నారు అల్లుడుగారు.

నాకు మాత్రం ఆ హాలు యజమాని ఎవరో గాని చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. లోకంలో నాలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారు, పైగా ఆ మనిషికి సొంత హాలు కూడా ఉంది.

బీమా ఏజెంటు మర్నాడే వచ్చాడు. మెడకు టై, చేతిలో సంచి. 'శుభాకాంక్షలు' జరుపుకుని కూర్చుని, "మీ పనిలో ఏమేం జరగడానికి వీలుందో చెప్పండి" అన్నాడు.

"బాగానే జరుగుతుందండీ" అంది అమ్మాయి.

"మా దగ్గర అంతా పక్కా" అన్నారు అల్లుడుగారు.

ఏజెంటు ముఖం వాడిపోయింది. పాపం, పక్కాగా ఉండేవాళ్ల ఇంటికి వచ్చి అతను ఏం అమ్ముకుంటాడు? నేను వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాను. గొంతు సవరించుకున్నాను. నిచ్చెనతో మొదలుపెట్టి, తీగలు, మంటలు, వాన, గాలి, డ్రైవరుకు కునుకు, స్పీకరు పెట్టె ఎవరి వేళ్ల మీదో పడటం, ముఖ్య అతిథికి సభ రోజే గుండెనొప్పి రావడం, పక్క వీధి ఎద్దు హాల్లోకి దూరడం దాకా వచ్చాను. అతను టీ చల్లారిపోతున్నా తాగకుండా విన్నాడు.

"అమ్మగారూ, మీరు మా కంపెనీలో ఉండాల్సిన మనిషి."

పెళ్లయి ఇన్నేళ్లకు నన్ను మెచ్చుకున్న మొదటి మగవాడు అతనే. ఎద్దు సంగతి మాత్రం ఏ పాలసీలోనూ లేదన్నాడు. వాళ్ల పాలసీలు ఎంత లోపభూయిష్టమో అప్పుడే అర్థమైంది.

అతను ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. మన సామాను కాలినా పోయినా ఒక కవర్, అంటే ఆ డబ్బు కంపెనీ ఇస్తుంది. అద్దెకు తెచ్చిన లైట్లు, స్పీకర్లు పాడైతే ఇంకొకటి, ఎందుకంటే అవి మనవి కావు, ఇచ్చినవాడు ఊరుకోడు. పనివాడు పడి కాలు విరగ్గొట్టుకుంటే ఒకటి. తుఫాను వచ్చో మరొకందుకో సభే ఆగిపోతే ఒకటి. అన్నిటికీ అమ్మాయి సరేనంది. నేను ఎద్దును మళ్లీ ఒకసారి గుర్తుచేశాను.

"ఇక ముఖ్యమైంది థర్డ్ పార్టీ కవర్" అన్నాడు ఏజెంటు.

సరిగ్గా అప్పుడే అమ్మాయికి ఫోను వచ్చి పెరట్లోకి వెళ్లింది. బాధ్యత అల్లుడుగారి మీద పడింది.

"అది వద్దండీ" అన్నారాయన. "థర్డ్ పార్టీ సంగతి మాకింకా తేలలేదు."

"తేలకపోవడం ఏంటండీ?"

"వస్తారో రారో తెలీదు కదా. వచ్చినప్పుడు చూసుకుందాం."

"వచ్చాక చూసుకుంటే లాభం లేదండీ. రాకముందే ఉండాలి."

"రాకముందే వాళ్ల కోసం మనం కట్టడం ఏంటండీ? కావాలంటే వాళ్లే కట్టుకుంటారు. మాకు సంబంధం లేదు."

ఏజెంటు పెన్ను మూత తీశాడు. తర్వాత నిట్టూర్చి, "చాలామంది ఇలాగే అంటారండీ. ఇంత ముఖం మీద ఎవరూ అనరు" అని ఫారంలో ఆ వరుస కొట్టేశాడు.

నేను పక్కనే ఉన్నాను. థర్డ్ పార్టీ అంటే నెలాఖర్లో పుట్టినరోజు చేయించుకుంటామని వచ్చిన కుటుంబమనే నేనూ అనుకున్నాను. వాళ్లు మా కాగితం పూలకు కూడా బేరమాడారు. అలాంటివాళ్ల కోసం మేము బీమా కట్టడమా? కట్టొద్దని నేను కూడా గట్టిగా తల ఊపాను. అమ్మాయి ఫోను చెవికి పెట్టుకునే వచ్చి, చదవకుండా సంతకం చేసింది.

సభ రోజు పొద్దున్నే వ్యాను హాలు ముందు ఆగింది. నేనూ వెళ్లాను. నన్ను ఎవరూ రమ్మనరు. రావద్దని కూడా అనరు, సామాను దగ్గర కూర్చోవడానికి ఒక మనిషి ఊరికే దొరుకుతుంది కాబట్టి. నా సంచిలో దూది, కట్టు గుడ్డ, టార్చిలైటు ఉంటాయి. అది చూసి అల్లుడుగారు ఎప్పటిలాగే, "అత్తయ్యగారు యుద్ధానికి తయారు" అన్నారు.

గేటు బయటి నుంచే హాలంతా పరికించి చూశాను. ఒక పక్క గోడంతా అద్దమే. అందులోంచి కనపడే నేల ముఖం చూసుకునేంత నున్నగా ఉంది. జారాలనుకున్నవాడికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

హాలు మేనేజరు సన్నగా, పొడుగ్గా, నడుముకు తాళాల గుత్తితో గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. అమ్మాయి బీమా కాగితం ఇచ్చింది. కళ్లజోడు ముక్కు కొసకు జార్చి చదివాడు.

"మీ సామానుకుంది. అద్దె సామానుకుంది. పనివాళ్లకుంది. సభ ఆగిపోతే ఉంది. థర్డ్ పార్టీ ఏదమ్మా?"

అమ్మాయి నోరు తెరిచేలోపే అల్లుడుగారు నవ్వేశారు. "ఇది థర్డ్ పార్టీ కాదండీ, ఫస్ట్ పార్టీ. ఈ నెల మాకు బోణీ ఇదే. థర్డ్ పార్టీ నెలాఖర్లో. అది మీ హాల్లో కాదు లెండి."

మేనేజరు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆయన్ను చూశాడు. తుడిచినా ఆయన అలాగే కనపడ్డట్టున్నారు.

"బాబూ, బీమా కంపెనీ ఒకరు. మీరు ఒకరు. మీ ఇద్దరూ పోగా మిగిలినవాళ్లు మూడోవాళ్లు. సభకు వచ్చినవాళ్లు, నేను, నా హాలు, ఆ అద్దం గోడ. మీ సామాను వచ్చినాయన నెత్తిన పడినా, మీ నిచ్చెన తగిలి నా అద్దం పగిలినా, దానికి మీరు జవాబు చెప్పాలి కదా. మీ తరఫున కంపెనీ చెబుతుంది. అదీ థర్డ్ పార్టీ అంటే."

నేను వ్యాను మెట్టు మీదే కూర్చుండిపోయాను. జీవితమంతా నేను భయపడింది ఆ మనిషి కోసమే. జారేవాడు, తడబడేవాడు, కింద చూసుకోకుండా నడిచేవాడు, నెత్తి మీద ఏముందో చూడకుండా ఫొటోలకు నవ్వేవాడు. ఇన్నాళ్లూ వాడికి పేరు తెలియక 'ఎవరైనా' అంటూ వచ్చాను. తీరా చూస్తే వాడికి ఇంగ్లీషులో బిరుదు కూడా ఉంది. ఆ బిరుదు మా ఇంటికి వచ్చి తలుపు తడితే కాగితం పూలకు బేరమాడిన పార్టీ అనుకుని తల ఊపి పంపేశాం.

"ఆ వరుస ఎవరు కొట్టించారు?" అని అడిగింది అమ్మాయి మెల్లగా.

అల్లుడుగారు వ్యాను చక్రంలో గాలి ఉందో లేదో చూడటం మొదలుపెట్టారు.

"అది లేకుండా గేటు తియ్యలేనమ్మా" అన్నాడు మేనేజరు. "నా ఉద్యోగం పోతుంది." కోపంగా అనలేదు. నాకు ఒక కుర్చీ కూడా తెప్పించి వేశాడు. గేటు మాత్రం తియ్యలేదు.

సభ మధ్యాహ్నం. సగం సామాను వ్యానులో, సగం రోడ్డు మీద. వచ్చేపోయేవాళ్లు మా థర్మాకోల్ 'స్వాగతం'ను చుట్టుతిరిగి వెళ్తున్నారు. అమ్మాయి ఏజెంటుకు ఫోను చేసి స్పీకరులో పెట్టింది.

"నేను ఆ రోజే చెప్పానండీ" అన్నాడు. "సారు మాకు సంబంధం లేదన్నారు."

"సారుకు చాలా విషయాలతో సంబంధం ఉండదండీ. ఇప్పుడు కలపడానికి వీలవుతుందా?"

"ఈ ఒక్క సభకు ఇప్పుడే కలపొచ్చు. కాగితం ఫోనుకే పంపిస్తాను. ఒక్కటే అడగాలి. ఇంతకుముందు మీ వేడుకల్లో బయటివాళ్లకు ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

అమ్మాయి చప్పున ఫోను మీద అరచెయ్యి మూసింది.

తగిలాయి. అంతకుముందు ఒక వేడుకలో గుమ్మానికి కట్టిన పూల ఆర్చి ఊడి ఒక పెద్దావిడ భుజం మీద పడింది. ఆ ఆర్చి కట్టింది అల్లుడుగారే. అమ్మాయి ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లి, భుజానికి కట్టు కట్టించి, కోలుకునేదాకా రోజూ వెళ్లి కూర్చుని వచ్చింది. ఆవిడ మంచిది, కేసనీ పరిహారమనీ అనలేదు. అందరూ ఆవిడలాగే ఉంటారని మా అల్లుడుగారి నమ్మకం.

"లేదని చెప్పు" అన్నారు ఆయన గుసగుసగా. "ఎవరికి తెలుసు?"

"ఆవిడకు తెలుసు, ఆవిడ భుజానికి తెలుసు" అన్నాను నేను.

"అమ్మా, కాసేపు ఊరుకో. ఉందని చెబితే వాళ్లు ఇవ్వకపోవచ్చు. ఇవ్వకపోతే ఇక ఇంటికే. ఇంటికి కూడా కాదు, ఆ కొట్టుకు."

"లేదని చెబితే ఇస్తారు" అన్నాను. "ఇచ్చాక ఎవరికైనా ఏదైనా అయిందనుకో, డబ్బు అడిగితే వాళ్లు మొదట తవ్వేది ఇదే. నేను ఆ కంపెనీ అయితే నేనూ అదే తవ్వుతాను. నువ్వు అబద్ధం చెప్పావని తేలిందంటే ఆ కాగితం గేటు తీయడానికి పనికొచ్చింది, దెబ్బ తగిలినవాడికి పనికిరాలేదు. వాడికి ఏం చెబుతావు?"

అమ్మాయి నన్ను చూసింది. ఆ చూపులో ప్రేమ ఏమీ లేదు. చెయ్యి తీసి, "ఒకసారి అయిందండీ" అని చెప్పింది. ఆర్చి, ఆవిడ, భుజం, అన్నీ దాచకుండా చెప్పింది.

అవతల ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "పైవాళ్లను అడగాలండీ. మళ్లీ చేస్తాను" అన్నాడు ఏజెంటు.

ఇక మేము కూర్చున్నాం. అల్లుడుగారు నాతో మాట్లాడకుండా నా ఎదురుగానే అటూ ఇటూ నడిచారు, నేను ఆయన మాట్లాడటం లేదన్న సంగతి మరిచిపోకుండా ఉండాలని. ఎండ పెరిగింది. కాగితం పూలు వాడవన్నదొక్కటే అదృష్టం. నేను చేసింది మంచిపనే అని నాకు తెలుసు. మంచిపనికి అమ్మాయి వ్యాపారం మూతపడితే అప్పుడు నన్ను ఏ పాలసీ కాపాడుతుందో మాత్రం తెలియలేదు. వాళ్ల ఆడపడుచు కొట్టులో ఆ కుర్చీకి మెత్త అయినా ఉందా లేదా అని కూడా ఆలోచించాను.

ఫోను మోగింది.

"ఇస్తారట. కొంచెం ఎక్కువ కట్టాలి. ఒక షరతు. జనం తిరిగేచోట నెత్తి మీద ఏదీ వేలాడకూడదు."

అమ్మాయి వ్యాను వైపు చూసింది. పూలచక్రం పడుకుని ఉంది. ప్రతి పువ్వూ తన చేతులతో చుట్టింది. తన వేళ్లకు జిగురు ఇంకా పోలేదు.

"తాడు గట్టిదే" అన్నారు అల్లుడుగారు. "కడదాం. ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదు, అది పడేదాకా" అంది అమ్మాయి. "పోయినసారి కూడా గట్టి తాడేనన్నారు."

ఏజెంటుకు సరేనని చెప్పేసి, వెంటనే పార్టీకి ఫోను చేసింది. టైల్స్ కంపెనీ మేడమ్ గొంతు ఎప్పుడూ ఏదో మీటింగు మధ్యలో నుంచి వస్తున్నట్టే ఉంటుంది.

"మీకు పని ఇచ్చిందే ఆ చక్రం చూసి" అందావిడ.

"తెలుసు మేడమ్. దాన్ని కిందే పెడతాను. పైన కడితే నాకు బీమా ఉండదు. మీ డీలరు ఒకాయన మీద పడితే వాళ్లు నా పేరు అడగరు, మీ పేరే అడుగుతారు."

"నేను వచ్చి చూస్తాను. నచ్చకపోతే..." అని ఆవిడ వాక్యం అక్కడే వదిలేసి మీటింగులోకి వెళ్లిపోయింది. మిగతా సగం నేను పూర్తి చేసుకున్నాను. అలాంటి వాక్యాలు పూర్తి చేయడం నాకు అలవాటే.

ఫోనులో కాగితం చూసి మేనేజరు గేటు తీశాడు. చక్రాన్ని స్టేజి ముందు నేల మీద పరిచి, చుట్టూ తాడు కట్టి, లైట్లు వెలిగించారు. బాగుందని అమ్మాయి తనకు తాను నచ్చజెప్పుకుంది. నాకైతే అది పైనుంచి ఊడిపడ్డాక ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ముందే పడేసుకున్నాం, అంతే తేడా.

మేడమ్ వచ్చింది. చక్రాన్ని చూసింది, పైకప్పును చూసింది, మళ్లీ చక్రాన్ని చూసింది. "సరే" అంది. ఆ 'సరే'ను ఎటు తిప్పి చూసినా నాకు అర్థం దొరకలేదు.

డీలర్లు వచ్చారు. మూడోవాళ్లు ఎలా ఉంటారో ఆ రోజు కళ్లారా చూశాను. ఒకాయన తాడు దాటి చక్రం మధ్యలో నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఇంకొకాయన చేతిలో గ్లాసుతో అద్దం గోడకు ఆనుకుని ప్రపంచాన్నే మరిచిపోయాడు. ఒక పెద్దమనిషి నున్నటి నేల చూసి, టైల్స్ వ్యాపారి కదా, అది ఎంత నున్నగా ఉందో బూటుతో జారి మరీ పరీక్షించాడు. నేను ఒక్కొక్కరి వెనకా నడిచాను. నన్ను హాలు మనిషి అనుకుని ఒకావిడ మంచినీళ్లు అడిగింది. తెచ్చిచ్చి, ఒలికించకుండా తాగేదాకా పక్కనే నిలబడ్డాను.

చివరికి ఏమీ జరగలేదు. ఒక్క పువ్వు కూడా నలగలేదు. నాకు ఒక పక్క ఊపిరి ఆడింది. ఇంకో పక్క, అంత భయమూ ఊరికే పోయిందే అని కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

ఎండ తగ్గేవేళకు అందరూ వెళ్లిపోయారు. మేడమ్ అమ్మాయిని పిలిచింది. "చక్రం పైన ఉంటేనే బాగుండేది" అంది. తర్వాత, "వచ్చే నెల ఇంకో సభ ఉంది. అది చేయండి. ఏడాది సంగతి దాని తర్వాత మాట్లాడుకుందాం. ఆ సభకు మాత్రం చక్రం పైనే ఉండాలి."

"పైన అంటే కవర్ మార్చాలి మేడమ్, ముందే చెప్పారు కాబట్టి మార్పిస్తాను. కట్టే మనిషిని కూడా మారుస్తాను" అంది అమ్మాయి. పక్కనే ఉన్న ఆ మనిషి లైట్ల దండ చిక్కు తీయడంలో మునిగిపోయినట్టు కనపడ్డారు.

వ్యాను కదిలింది. ఆఫీసు ఇంకా రాలేదు, ముందుగది ఇంకా ఖాళీ కాలేదు. కొట్టులో కుర్చీకి కూడా ఇంకా మనిషి దొరకలేదు.

"చూశారా అత్తయ్యగారూ" అన్నారు అల్లుడుగారు. మొత్తానికి మాటలు కలిశాయి. "ఏమీ కాలేదు. ఆ కట్టినదంతా దండగ."

"అవును బాబూ" అన్నాను. "ఎవరికో ఒకరికి కాలో చెయ్యో విరిగి ఉంటే మన డబ్బు గిట్టుబాటయ్యేది."

అమ్మాయి మా ఇద్దరినీ పట్టించుకోలేదు. ఏజెంటుకు ఫోను చేసి, "ఒక మాట అడగాలండీ" అంటోంది. "ఆహ్వానాలు మేమే అచ్చు వేయించి పంపుతాం కదా. వాటిలో మేమే తారీఖు తప్పు వేశామనుకోండి. జనమంతా మర్నాడు వస్తే, ఆ నష్టం ఏ కవర్లోకి వస్తుంది? థర్డ్ పార్టీలోకి రాదా? పనిలో మా పొరపాటుకు వేరేదా? అయితే అది కూడా చెప్పండి."

నేను నా దూది సంచి కింద పెట్టేశాను. మంటలు ఆలోచించాను, నీళ్లు ఆలోచించాను, చివరికి ఎద్దును కూడా వదల్లేదు. తారీఖు నాకు ఎప్పుడూ తట్టలేదు. తాళం వేసిన హాలు, దాని ముందు మంచి బట్టలు వేసుకుని వందలమంది నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం నాకు కళ్లకు కట్టినట్టు కనపడింది. ఇన్నేళ్లుగా ఇంత పెద్ద భయాన్ని పక్కన పెట్టుకుని ఎలా నిద్రపోయానో తెలియలేదు. దీన్ని కనిపెట్టింది నా కూతురు.

అమ్మాయి ఫోను పెట్టేసింది.

"తారీఖు సరిచూశావా?" అని అడిగాను.

"దేనిదమ్మా?"

"అన్నిటిదీ" అన్నాను.